పేరు చెప్పని నవ్వు: ‘వివేకవర్ధని’ తరం స్థానిక పత్రికల్లో చిన్న పట్టణం

పాత స్థానిక పత్రికలను ఇవాళ మనం ఎక్కువగా రెండు అవసరాల కోసం తెరుస్తున్నాం. సంస్కరణోద్యమానికో స్వాతంత్ర్యోద్యమానికో ఆధారాలు వెతుక్కోవటం ఒకటి. ‘ఆ రోజుల్లో ఎంత తమాషాగా ఉండేదో’ అని చూసి ముచ్చటపడటం రెండోది. మొదటి పనిలో ఉన్న పరిశోధకుడు సంపాదకీయాలు చదివి, ఊరి లేఖలనూ చిల్లర వార్తలనూ హాస్యపు పుటలనూ దాటేస్తాడు. రెండో పనిలో ఉన్న పాఠకుడు సరిగ్గా ఆ దాటేసిన పుటల దగ్గరే ఆగి, నాలుగు ముక్కలు ఏరుకుని నవ్వుకుంటాడు. ఆ నవ్వు అచ్చయిన నాడు ఎవరిని ఉద్దేశించింది, ఎవరు నొచ్చుకున్నారు, నొచ్చుకున్నవాడు మర్నాడు సంపాదకుడికి ఏ వీధిలో ఎదురుపడ్డాడు అన్న ప్రశ్నలు ఈ ఇద్దరికీ రావు. 1874లో మొదలైన ‘వివేకవర్ధని’నీ, దానికి అనుబంధంగా పుట్టిన ‘హాస్యసంజీవని’నీ ప్రధానంగా తీసుకుని ఆ ప్రశ్నలు వేయటం ఈ వ్యాసం ఉద్దేశం. తర్వాతి తరం పత్రికలను పోలిక అవసరమైన మేరకే ప్రస్తావిస్తాను.

‘వివేకవర్ధని’ పుట్టిన చోటును ముందు గుర్తుంచుకోవాలి. కందుకూరి వీరేశలింగం అప్పుడు ధవళేశ్వరంలో ఉపాధ్యాయులు. పత్రిక పెట్టిన 1874లోనే అక్కడ బాలికల పాఠశాల కూడా తెరిచారు. అంతకు ఇరవై రెండేళ్ల ముందు, 1852లో, కాటన్ ఆనకట్ట పూర్తయి ఆ ఊరి ముఖం మారింది. కాలువలు, వాటితో భూమి విలువ, భూమి విలువతో వ్యాజ్యాలు, వ్యాజ్యాలతో కచేరీలు, కచేరీలతో గుమాస్తాలు, వకీళ్లు, సాక్షులు వచ్చారు. పక్కనున్న రాజమహేంద్రవరం కోర్టులూ పాఠశాలలూ ఉన్న పట్టణమే గాని మహానగరం కాదు. 1901 జనాభా లెక్కల్లో కూడా దాని జనం 36,408 మందే. పత్రిక పుట్టిన నాటికి ఇంకా తక్కువ. అందులో చదువు వచ్చినవారు, పత్రిక కొనగలవారు, ఇంకొకరి చేత చదివించుకుని వినేవారు ఎందరు? లెక్క చెప్పలేకపోయినా, అది ఒకరినొకరు మొహం చూసి గుర్తుపట్టే సమూహమని ఊహించటం కష్టం కాదు. పత్రిక తొలిరోజుల్లో మద్రాసులో అచ్చయి ఊరికి తిరిగివచ్చేది. సొంత ముద్రణాలయం సమకూడాక రాజమహేంద్రవరంలోనే అచ్చయింది. ఈ మార్పును పత్రికాచరిత్రలు ముద్రణాసౌకర్యం కింద ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాయి. నాకు అది సౌకర్యం మాత్రమే అనిపించదు. అక్షరాలు కూర్చేవాడూ, అచ్చుచిత్తు దిద్దేవాడూ, కట్టలు మోసేవాడూ ఆ ఊరివాళ్లే అయినప్పుడు, పత్రిక వెలువడకముందే అందులోని ఎత్తిపొడుపు ఊళ్లో సగం మందికి తెలిసిపోయే అవకాశం ఉంది. చిన్న పట్టణపు పత్రికలో వార్త కొత్త సంగతి చెప్పదు. అందరూ గుసగుసగా అనుకుంటున్నదాన్ని అచ్చులో పెడుతుంది. అందులోని హాస్యానికి బలం ఇక్కడినుంచే వస్తుంది.

తెలుగులో స్థానికమైన ఎగతాళి పత్రికలతో మొదలు కాలేదు. చాటుపద్యం శతాబ్దాలుగా ఆ పని చేస్తూనే ఉంది. ఏ ఊరి కరణం పిసినారో, ఏ సీమలో తిండి దొరకదో, ఏ దొర మాట తప్పాడో చాటువు నిర్భయంగా పేరు పెట్టి చెప్పేది. చెప్పగలగటానికి కారణం ఉంది. చాటువుకు కాగితం లేదు, తేదీ లేదు, చాలాసార్లు కర్త కూడా సందిగ్ధమే. అది శ్రీనాథుడిదని ఒకరంటే కాదని మరొకరంటారు. కోపం వచ్చినవాడు ఎవరిని పట్టుకోవాలి? పత్రిక వచ్చాక ఈ లెక్క తిరగబడింది. కాగితం ఉంది, తేదీ ఉంది, సంపాదకుడి పేరూ విలాసమూ ఉన్నాయి. కర్త దొరికిపోయాడు కనుక లక్ష్యం దాగవలసి వచ్చింది. చాటువులో కర్త చీకట్లో ఉండి లక్ష్యం వెలుగులో ఉంటే, పత్రికలో సంపాదకుడు వెలుగులో నిలబడి లక్ష్యాన్ని నీడలో ఉంచుతాడు. పేరు చెప్పకపోవటం అన్న పద్ధతి మర్యాద కోసం వచ్చిందనుకోవటం పొరపాటు.

దీనికి చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం మద్రాసు రాజధానికి వర్తించలేదు. కనుక బెంగాలులో దేశభాషా పత్రికలను భయపెట్టిన కత్తి గోదావరి తీరంలో లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని పరువునష్టం నిబంధన మాత్రం అందరికీ ఉంది. దానికంటే దగ్గరగా, కచేరీలో ఎదురయ్యే అధికారి కోపం ఉంది. ప్రభుత్వాన్ని విమర్శించటంకంటే మున్సిఫు కోర్టు గుమాస్తా లంచాన్ని విమర్శించటం ఆ ఊళ్లో కష్టమైన పని. గవర్నరు ఈ పత్రిక చదవడు, గుమాస్తా చదువుతాడు. కోర్టులలోనూ కచేరీలలోనూ లంచగొండితనాన్ని తన పత్రిక వెల్లడించటం గురించీ, అందువల్ల తెచ్చుకున్న శత్రువుల గురించీ వీరేశలింగం తన స్వీయచరిత్రలో చెప్పుకున్నారు. ఆ భాగాలను సాధారణంగా సంస్కర్త ధైర్యానికి నిదర్శనంగా ఉటంకిస్తారు. అది నిజమే. కాని ఆ ధైర్యం ఏ రచనారూపాన్ని ఎన్నుకుందో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. అది ఎన్నుకున్నది హాస్యాన్ని.

ఇక్కడ కొక్కొండ వెంకటరత్నం పంతులు రంగంలోకి వస్తారు. మద్రాసునుంచి 1871లో ‘ఆంధ్రభాషాసంజీవని’ మొదలుపెట్టిన పండితులాయన. గ్రాంథికభాష పట్ల ఆయన నిష్ఠ రాతతో ఆగలేదు. ఇంట్లోనూ వీధిలోనూ గ్రాంథికమే మాట్లాడేవారని చెప్పుకుంటారు. స్త్రీవిద్య విషయంలో వీరేశలింగానికి ఎదురుపక్షం. వాదం ముదిరి, ‘వివేకవర్ధని’ని వెక్కిరించటానికి సంజీవనికి ‘హాస్యవర్ధని’ అని ఒక అనుబంధం పెట్టారు. జవాబుగా వీరేశలింగం 1876లో తమ వర్ధనికి ‘హాస్యసంజీవని’ అని అనుబంధం పెట్టారు. తెలుగులో తొలి హాస్యపత్రికగా సాహిత్యచరిత్ర దీన్ని లెక్కిస్తుంది. ‘తొలి’ అన్న ముద్ర వేసి మనం ముందుకు వెళ్లిపోతాం గాని, ఆ రెండు పేర్ల దగ్గర కాస్త నిలబడాలి. సంజీవనివారు ఎదుటివారి ‘వర్ధని’ని లాక్కున్నారు, వర్ధనివారు ‘సంజీవని’ని లాక్కున్నారు. ఎవరి హాస్యాన్ని ఎవరు ‘వర్ధిల్ల’జేస్తున్నారో, ఎవరి చచ్చిన హాస్యానికి ఎవరు ప్రాణం పోస్తున్నారో పాఠకుడు తేల్చుకోవాలి. రెండు పత్రికలూ చదివేవాడికే ఈ చమత్కారం అందుతుంది. అంటే మద్రాసు పండితుడికీ గోదావరి బడిపంతులుకూ మధ్య కలహం ఎంత తీవ్రమైనా, ఇద్దరి పాఠకులూ చాలామేరకు ఒకరే. తిట్టుకునే రెండు పత్రికలను ఒకే అరుగు మీద కూచుని చదివే పాఠకలోకం అప్పటికే తయారైంది. చందాదారుల పట్టికలు దొరకకపోయినా ఈ పేర్ల జంట ఆ సంగతి చెబుతూనే ఉంది.

‘హాస్యసంజీవని’ ఎన్నుకున్న ప్రధానరూపం ప్రహసనం. సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకాల్లో ఒకటైన ప్రహసనానికి మత్తవిలాసం వంటి పాత ఉదాహరణలు ఉన్నా, వీరేశలింగం తీసుకున్నది దాని పేరునూ లక్ష్యాన్నీ మాత్రమే. కాపాలికుడి స్థానంలో ఆయన ముసలి పెండ్లికొడుకునూ, వకీలునూ, పురోహితుణ్ణీ కూచోబెట్టారు. హాస్యసంజీవనిలో వచ్చిన ‘బ్రాహ్మవివాహము’ పేరే మొదటి పరిహాసం. స్మృతులు చెప్పిన ఎనిమిది వివాహాల్లో బ్రాహ్మం ఉత్తమమైనది, సొమ్ము పుచ్చుకోకుండా కన్యను దానమిచ్చేది. సొమ్ము పుచ్చుకుని కన్యనివ్వటాన్ని స్మృతులు ఆసురమన్నాయి. గోదావరి మండలపు అగ్రహారాల్లో జరుగుతున్నది ఆసురం, దానికి కప్పిన పేరు బ్రాహ్మం. ఈ వ్యంగ్యం శాస్త్రం తెలిసినవాడికి చురుక్కుమంటుంది. తెలియనివాడి సంగతేమిటి? ఆ పాఠకుడు తన దారి తాను చూసుకున్నాడు. ఆ ప్రహసనానికి ‘పెద్దయ్యగారి పెళ్లి’ అని పేరు స్థిరపడింది.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. కోర్టు వ్యవహారాల్లోని అవినీతి మీద వీరేశలింగం రాసిన నాటకం పేరు ‘వ్యవహారధర్మబోధిని’. జనం దాన్ని ‘ప్లీడరు నాటకం’ అన్నారు. 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులచేత వీరేశలింగం వేయించిన ఈ నాటకాన్ని తెలుగు నాటకరంగ చరిత్రకారులు తొలి ప్రదర్శనల్లో లెక్కిస్తారు. గ్రంథకర్త ధర్మాన్ని బోధించాననుకున్నాడు. చూసినవాళ్లకు ప్లీడరు కనిపించాడు. ఒకచోట వివాహవిధానం పేరు పోయి పెండ్లికొడుకు పేరు వచ్చింది, మరోచోట ధర్మబోధ పోయి వృత్తి పేరు వచ్చింది. రెండు మార్పులూ ఒకే దిశలో ఉన్నాయి. రచయిత వ్యక్తిని దాచి సామాన్యీకరించిన చోట, ఊరు మళ్లీ వ్యక్తిని బయటికి లాగింది. పెద్దయ్య కల్పితపాత్ర. కాని ‘పెద్దయ్యగారు’ అని గౌరవవాచకం చేర్చి పలికే గొంతులో పొరుగింటి పెద్దమనిషి వినిపిస్తాడు. ‘గారు’ లేకపోతే అది కథ, ఉంటే అది మన వీధి. నాటకపు అధికార నామాలకూ వ్యవహార నామాలకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పాఠకస్పందనకు సాక్ష్యంగా వాడుకోవచ్చునని నా ప్రతిపాదన. ఆనాటి పాఠకులు ఏం అనుకున్నారో చెప్పే ఉత్తరాలూ దినచర్యలూ మనకు తక్కువ. వాళ్లు మార్చి పిలిచిన పేర్లు మాత్రం నిలిచాయి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అదే సంపాదకుడు అదే కాలంలో వ్యాసాలు గ్రాంథికంలో రాశారు, ప్రహసనపాత్రల నోట వాడుకమాట పెట్టారు. వ్యాసం ఊరికి చెప్పేది, ప్రహసనం ఊరు చెప్పుకునేది అన్న వివేకం దీనివెనుక ఉంది. వ్యావహారిక భాషోద్యమాన్ని గిడుగు రామమూర్తి వాదాలతో, బడిపుస్తకాల తగాదాతో మొదలుపెట్టి చెప్పటం మనకు అలవాటు. ఆ ఉద్యమానికి మద్దతుగా రాజమహేంద్రవరంలో ఏర్పడిన సమాజానికి వీరేశలింగం 1919లో, చనిపోయిన ఏడాదే, అధ్యక్షత వహించటాన్ని ఆయన చివరి దశలోని మార్పుగా చూపుతారు. నలభై ఏళ్ల ముందే ఆయన పత్రిక హాస్యపుపుటలో ఆ భాష కాపురం చేస్తోంది. హాస్యం గౌరవం లేని ప్రక్రియ కావటమే దానికి అక్కడ చోటిచ్చింది. పండితుడు అభ్యంతరం చెప్పడానికి కూడా తగనిదనుకున్న మూలలో వాడుకభాష అచ్చుకు అలవాటు పడింది. కొక్కొండవారితో కలహం లేకపోతే ఆ మూల ఏర్పడేదా అన్నది వేరే ఆలోచన.

1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా వచ్చిన ‘రాజశేఖర చరిత్రము’ను కూడా ఈ వెలుగులో చదవవచ్చు. గోల్డ్‌స్మిత్ నవల ప్రభావం గురించి చాలా చర్చ జరిగింది. కథ ధవళేశ్వరంలో మొదలవుతుందన్న సంగతికి అంత చర్చ జరగలేదు. గోదావరి, కొండ, కొండమీద జనార్దనస్వామి గుడి, స్నానఘట్టం, ఇంటినిండా చేరిన చుట్టాలూ ముఖస్తుతి చేసేవాళ్లూ అన్నీ ఆ ఊరి పాఠకుడికి కిటికీలోంచి కనిపించేవే. బంగారం చేస్తానని నమ్మించి, ఉన్న బంగారమూ వెండీ పట్టుకుని మాయమైన బైరాగి ఉదంతం నవలలో ప్రసిద్ధమైనది. పుస్తకంగా చదివితే అది మూఢనమ్మకం మీద పాఠం. పత్రికలో చదివితే, ముందు పుటలో లంచాల సంగతి, వెనక పుటలో ఊరి లేఖ ఉండగా, అది మరో స్థానిక వార్తలా తోస్తుంది. ఎక్కడ వార్త ఆగి ఎక్కడ కల్పన మొదలైందో గీత గీయటం ఆ పాఠకుడికి అంత అవసరం కాకపోయి ఉండవచ్చు.

తరవాతి పత్రికల్లో ఈ నవ్వు స్వభావం మారింది. 1902లో మచిలీపట్నంలో మొదలైన ‘కృష్ణాపత్రిక’ ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో జాతీయోద్యమ పత్రికగా ఎదిగింది. ఊరు చిన్నదే గాని పత్రిక చూపు పెద్దది. ఆ పత్రికలో రావూరు సత్యనారాయణరావు రాసిన ‘వడగళ్లు’ శీర్షికకు వచ్చేసరికి హాస్యం వారం వారం ఒక నిర్ణీత స్థలంలో కురుస్తుంది. పాఠకుడు దానికోసం ఎదురుచూస్తాడు. లక్ష్యాలు రాజకీయనాయకులు, లోకంపోకడలు. నిపుణత పెరిగింది, ప్రమాదం తగ్గింది. మంత్రిని వెక్కిరించిన రచయితకు మంత్రి సంతలో ఎదురుపడడు. నెల్లూరు ‘జమీన్ రైతు’ వంటి జిల్లా వారపత్రికలు మాత్రం పాత ఇరుకును వదులుకోలేదు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంతో ముడిపడిన ఆ పత్రికకు ఎదుటిపక్షం అదే జిల్లాలో, కొన్నిసార్లు అదే పట్టణంలో ఉంది. ఎత్తిపొడుపుకు అక్కడ పదును వేరు.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి మరోలా ఉంది. 1922లో నల్లగొండనుంచి ‘నీలగిరి పత్రిక’, ఇనుగుర్తి అనే పల్లెనుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు పత్రిక’, 1926లో హైదరాబాదునుంచి ‘గోలకొండ పత్రిక’ వచ్చాయి. పట్టణం కూడా కాని పల్లెలో అచ్చుయంత్రం పెట్టి వారపత్రిక నడపటం ఈ చరిత్రలో అసాధారణమైన ఘట్టం. అక్కడ తెలుగులో పత్రిక నడపటమే ఒక వాదం. పాలకభాష ఉర్దూ, పైన దేశ్‌ముఖులు, ఇంకా పైన నిజాం యంత్రాంగం. ఇలాంటి చోట కరణాన్నో పటేలునో చూసి బాహాటంగా నవ్వటం రాజమహేంద్రవరంలో ప్లీడరును చూసి నవ్వటం వంటిది కాదు. అందుకే ‘వివేకవర్ధని’ని కొలబద్దగా పెట్టుకుని తెలంగాణ పత్రికల్లో హాస్యం ఉందా లేదా అని వెతకటం సరైన పద్ధతి కాదు. ఏం రాయలేదు అన్నదానికి అక్కడ ఎక్కువ విలువ ఉంది. ఆ పని వేరే వ్యాసానికి తగినది.

‘గోలకొండ’ సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డి పేరు మరో కారణంగా కూడా ఇక్కడ అవసరం. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాస్తూ ఆయన శాసనాలకంటే కావ్యాల మీద, ముఖ్యంగా ‘హంసవింశతి’, ‘శుకసప్తతి’ వంటి కథాకావ్యాల మీద ఆధారపడ్డారు. తిండి, బట్ట, ఆట, పందెం, సంతబేరం వంటి చిన్న సంగతులు అక్కడ దొరికాయి. పండితులు శృంగారహాస్యాలని పక్కన పెట్టిన పుస్తకాల్లో ఆయన జనజీవితాన్ని చూశారు. పత్రికల హాస్యపుపుటలకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. అయితే ఆయన పద్ధతిని యథాతథంగా ఇక్కడ వాడలేం. హాస్యం అద్దం కాదు. వకీళ్లంతా దొంగలని ప్రహసనం చెబితే వకీళ్లంతా దొంగలన్న సామాజిక చరిత్ర రాయలేం. వకీలును దొంగ అని నవ్వగల పాఠకులు అప్పటికి ఉన్నారని మాత్రమే చెప్పగలం. ఆ నవ్వేవాళ్లలో సగం మంది తమ వ్యాజ్యాలు అదే వకీలుకు అప్పగించినవాళ్లే కావచ్చు.

మరి ఎవరు నవ్వబడ్డారు? ఇంతవరకు చెప్పినదాంట్లో నవ్వు పైవాడి మీదికే పోయింది: అధికారి, ప్లీడరు, ధనవంతుడైన ముసలివాడు. కాని ‘వివేకవర్ధని’ యుద్ధం చేసినవాటిలో భోగంమేళాలు కూడా ఉన్నాయి. మేళం పెట్టించే పెద్దమనుషులను ఎగతాళి చేయటంలో సంస్కరణ ఉంది. ఆ ఎగతాళి వీధిలోకి వెళ్లేసరికి మీదపడేది మేళంలో ఆడే స్త్రీ మీద. పెద్దమనిషికి ‘పెద్దమనిషి’ అన్న ముసుగు ఉంది. పేరు చెప్పకపోవటం అతన్ని కాపాడింది. ఆమె ఉన్న వాడ అందరికీ తెలుసు, కులమే ఆమె చిరునామా. పేరు దాచే పద్ధతి అందరినీ సమానంగా దాచలేదు. ఈ విషయంలో వీరేశలింగాన్ని ఈనాటి ప్రమాణాలతో తప్పుపట్టటం సులభం. నా పని అది కాదు. కాని ఆ పుటలను ఇవాళ ‘సరదా జ్ఞాపకాలు’గా తిరిగి అచ్చువేసేవాళ్లు ఈ తేడాను చూడకపోతే, నూట యాభై ఏళ్ల నాటి ఎగతాళిని అదే మనిషి మీద మరోసారి ప్రయోగిస్తున్నారని చెప్పక తప్పదు. బాలవధువు విషయం కూడా అంతే. ‘పెద్దయ్యగారి పెళ్లి’ అన్న వాడుకపేరులో పెద్దయ్య ఉన్నాడు, పెళ్లి ఉంది. ఎవరితో పెళ్లి అన్నది ఆ పేరులో లేదు. ఆ చోటు ఖాళీగా ఉందని తెలుగు నాటకానికి గట్టిగా తట్టటానికి 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ రంగం ఎక్కవలసి వచ్చింది.

ఇక సామగ్రి లభ్యత. వేటపాలెం సారస్వతనికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞానకేంద్రం పాత పత్రికలను కాపాడుతూ వచ్చాయి. ప్రెస్ అకాడమీ చేయించిన డిజిటల్ ప్రతులవల్ల ఇప్పుడు ఇంట్లో కూచుని చదివే వీలు కలిగింది. అయితే వీరేశలింగం ప్రహసనాలను మనం ఎక్కువగా చదువుతున్నది పత్రికల్లో కాదు, గ్రంథసంపుటాల్లో. రచయితే వాటిని ఏరి, కూర్చి, పుస్తకాలుగా వేశారు. అందువల్ల అవి నిలిచాయి. వాటి పక్కన అచ్చయిన ఊరి లేఖలూ, లంచపు వార్తలూ, ఆకాశరామన్న ఫిర్యాదులూ ఆ సంపుటాల్లోకి రాలేదు. ప్లీడరు నాటకం చదివే విద్యార్థికి ఆ వారం కోర్టువరండాలో ఏం జరిగిందో తెలియదు. దొరికినంతవరకు ఆ సంచికలను తేదీల వరసలో పెట్టి, ఒక్కొక్క ప్రహసనాన్నీ దాని ముందువెనకల సంచికల్లోని స్థానిక వార్తలతో కలిపి ప్రచురించే సంపుటం ఒకటి రావాలి. విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు ఇద్దరు ముగ్గురు పరిశోధకులకు పంచి ఇస్తే అయ్యే పని ఇది. పాదసూచికల్లో అసలు పేర్లు పెట్టాలా వద్దా అన్న తర్జనభర్జన మాత్రం అప్పుడు కూడా తప్పదు. ఆ వకీళ్ల మునిమనవలు ఇప్పటికీ అదే ఊళ్లో ఉండి ఉంటారు.